శాస్త్రవేత్తా, ఇంజనీరా? ఇస్రో సారథుల వృత్తికి తగిన తెలుగు మాట ఏది

చర్చ ప్రారంభం – మురుగేశ్‌పాళ్య, బెంగళూరు

సభ్యులందరికీ నమస్కారం. ఆగస్టు 23న వచ్చే జాతీయ అంతరిక్ష దినోత్సవం కోసం మా ఆదివారం తెలుగు తరగతి పిల్లలు ఇస్రో అధిపతుల మీద ఒక గోడపత్రిక తయారు చేస్తున్నారు. పేరు, పదవీకాలం, వృత్తి అని ఒక్కొక్కరికి మూడు గడులు. పిల్లలు పాత దినపత్రికలు, పాఠ్యపుస్తకాలు తిరగేసి అన్నీ నింపుకొచ్చారు. వృత్తి గడిలో పై నుంచి కిందిదాకా ఒకటే మాట: శాస్త్రవేత్త. విక్రమ్ సారాభాయ్ శాస్త్రవేత్త, సతీశ్ ధవన్ శాస్త్రవేత్త, మాధవన్ నాయర్ శాస్త్రవేత్త, నారాయణన్ కూడా శాస్త్రవేత్తే.

గౌరవంతో అంటున్న మాటే, కాదనను. కానీ ఈ ఒక్క మాట కింద ఒక పెద్ద చరిత్ర మరుగున పడుతోందని నా బాధ. వరుసగా చూడండి. సారాభాయ్ విశ్వకిరణాల (అంతరిక్షం నుంచి భూమి మీదికి దూసుకొచ్చే సూక్ష్మ కణాల) మీద పరిశోధన చేసి 1947లో కేంబ్రిడ్జి నుంచి డాక్టరేటు పొందిన భౌతికశాస్త్రవేత్త. ఆయన తర్వాత 1972లో కొన్ని నెలలు బాధ్యత చూసిన ఎం.జి.కె. మీనన్‌దీ అదే రంగం. 1984 నుంచి 1994 వరకు ఉన్న యు.ఆర్. రావు సారాభాయ్ దగ్గరే విశ్వకిరణాల మీద పరిశోధన చేశారు. (మనవాళ్లకు ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నాను: రావుగారు బీఎస్సీ చదివింది అనంతపురం ప్రభుత్వ కళాశాలలో.) ఆయన తర్వాత 2003 వరకు కస్తూరిరంగన్. ఆయన ఖగోళ శాస్త్రవేత్త, ఎక్స్‌రే కిరణాలను పరిశీలించే శాఖ నుంచి వచ్చారు. అంటే మధ్యలో ధవన్ ఒక్కరిని పక్కన పెడితే, తొలి నాలుగు దశాబ్దాలు ఈ పని ఆకాశాన్ని చదివేవాళ్ల చేతిలో ఉంది.

అది సహజం కూడా. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది. అయస్కాంత భూమధ్యరేఖ ఆ ఊరి దగ్గరగా పోతుంది. దాని మీదుగా పై వాతావరణంలో విద్యుత్తు ప్రవాహం ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న కోరికతోనే ఆ చోటును ఎంచుకున్నారు. పైన ఏముందో తెలుసుకోవడం మొదటి అవసరం. రాకెట్ అందుకు పనిముట్టు మాత్రమే.

తర్వాత రాకెట్టే అసలు పని అయింది. 2003లో వచ్చిన మాధవన్ నాయర్ తిరువనంతపురంలో ఇంజనీరింగ్ చదివి తుంబాలో చేరినవారు. 2009లో వచ్చిన రాధాకృష్ణన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆయన మన బెంగళూరు ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివారు, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌ను నడిపారు. శివన్, సోమనాథ్, 2025 జనవరి నుంచి నారాయణన్, అందరూ ఇంజనీర్లు. నడుమ కొద్దిరోజులు పదవిలో ఉన్న శైలేశ్ నాయక్ భూగర్భ శాస్త్రం నుంచి వచ్చారు. కిరణ్ కుమార్‌ది ఇంకో దారి, దాని సంగతి తర్వాత.

ఇంత మలుపు తిరిగిన కథ మన గడిలో ఒక్క మాటగా మిగిలింది. ఇంజనీరును ఇంజనీరు అని రాయడానికి మనకు అభ్యంతరం ఏమిటి? పెద్దలు చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు – విమానపుర

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. నేను విమానాల తయారీలోనే తల నెరిసినవాణ్ణి. ఇప్పటికీ ఊరు వెళ్తే బంధువులు నన్ను శాస్త్రవేత్త అనే పరిచయం చేస్తారు. షెడ్డులో మాత్రం మమ్మల్ని ఎవరూ అలా పిలవలేదు. డ్రాయింగు తప్పితే ఇంజనీరు ఎవరని అడిగేవారు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇస్రో ఉద్యోగ ప్రకటన చూస్తే హోదా పేరే 'సైంటిస్ట్/ఇంజినీర్ ఎస్‌సీ' అని ఉంటుంది. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్, సివిల్ చదివినవాళ్లంతా ఆ పేరుతోనే చేరతారు. సంస్థే విడదీయనప్పుడు పత్రికలను తప్పు పట్టడం సబబేనా?

రెండు పేర్ల నడుమ ఉన్న ఈ గీటు కూడా ఈనాటిది కాదు. స్వతంత్ర భారతంలో రూపుదిద్దుకొని 1951లో ఎగిరిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం ఘాటగే గారి నాయకత్వంలో ఇక్కడే తయారైంది. ఆయన జర్మనీలో గాటింగెన్‌లో ప్రాండ్‌ట్ల్ దగ్గర ద్రవగతి శాస్త్రంలో, అంటే గాలి, నీరు కదిలే తీరును చదివే శాస్త్రంలో, డాక్టరేటు చేశారు. ఆయనను మీ గడిలో ఏమని రాస్తారు?

సంస్కృత ఉపాధ్యాయురాలు – మల్లేశ్వరం

మాట వైపు నుంచి నాలుగు ముక్కలు. మన శాస్త్రం సైన్సుకు మాత్రమే చెందినది కాదు. వాస్తుశాస్త్రం, శిల్పశాస్త్రం, పాకశాస్త్రం అన్నీ శాస్త్రాలే. శాసించేది, అంటే ఇలా చెయ్యాలని నేర్పేది శాస్త్రం. వేత్త అంటే తెలిసినవాడు. ఆ లెక్కన గుడి కట్టే స్థపతి కూడా శాస్త్రవేత్తే. కాబట్టి మాటలో దోషం లేదు, మనం దాన్ని ప్రయోగశాలకు కుదించుకున్నాం.

ఇంకొకటి. ఇక్కడి ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీద ఇంజనీరును కన్నడంలో 'అభియంతరరు' అని రాస్తారు, చూసే ఉంటారు. అందులోని 'యంత' పాత మాట. అమరకోశంలో నియంత, యంత, సూతుడు, సారథి అన్నీ ఒకే వరుసలో పర్యాయపదాలు. గుర్రాలను అదుపులో పెట్టి రథాన్ని దారిలో నడిపేవాడని అర్థం. యంత్రం కూడా ఆ ఇంటి బిడ్డే. తెలుగులో నియంత అంటే నిరంకుశుడైపోయాడు గాని, లేకపోతే రాకెట్‌ను దారి తప్పకుండా నడిపేవారికి అంతకన్నా సరైన పేరు ఉండేది కాదు.

పత్రికా ఉపసంపాదకుడు – బనశంకరి

మా కష్టం కూడా వినండి. ఇంజనీరు అనగానే పాఠకుడికి రోడ్లు, భవనాల శాఖ గుర్తుకొస్తుంది. చంద్రయానం చేయించిన మనిషికి ఆ మాట చిన్నదవుతుందని శీర్షికలో శాస్త్రవేత్త అని పెడతాం. పైగా స్థలం తక్కువ.

చర్చ ప్రారంభించినవారు

స్థలం సంగతి ముందు. శా-స్త్ర-వే-త్త నాలుగక్షరాలు, ఇం-జ-నీ-రు కూడా నాలుగే. కాబట్టి అసలు కారణం మీరు ముందు చెప్పిందే: ఆ మాట చిన్నదవుతుందన్న భయం. నేను పోట్లాడేది సరిగ్గా ఆ భయంతోనే. చేతితో, కొలతతో, యంత్రంతో పనిచేసేవాడు తెలుసుకునేవాడికన్నా ఒక మెట్టు కింద ఉంటాడని మన మనసులో ఎక్కడో ఉంది. ఆ మెట్టును పత్రిక రోజూ పిల్లలకు చూపిస్తోంది.

నారాయణన్ గారినే తీసుకోండి. ఆయన చదువు మెకానికల్ ఇంజనీరింగ్ డిప్లొమాతో మొదలైంది. 1984లో ఇస్రోలో చేరారు. తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలో క్రయోజెనిక్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్, ఆపైన డాక్టరేటు. క్రయోజెనిక్ అంటే అతిశీతల ఇంజను. అందులో ఇంధనం ద్రవ హైడ్రోజన్, దాన్ని ఉంచవలసింది సున్నాకు దిగువన 253 డిగ్రీల దగ్గర. దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర. ఈ రెండూ చేరే గదిలో క్షణాల్లో వేల డిగ్రీల మంట. ఒక గోడకు ఇటు గడ్డకట్టించే చలి, అటు లోహం కరిగే వేడి. ఆ చలికి లోహం కుంచించుకుపోతుంది, అతుకుల దగ్గర సందు వస్తే హైడ్రోజన్ కారిపోతుంది. ఈ చిక్కులన్నీ విప్పి ఇంజనును మండించి చూపించేవారిని ఇంజనీరు అంటే చిన్నదెలా అవుతుంది? పాలిటెక్నిక్‌లో చదువుతున్న మన పిల్లవాడికి ఆ గడిలో ఇంజనీరు అన్న మాట కనిపించాలి. డిప్లొమా నుంచి ఇస్రో ప్రధాన కార్యాలయం అంతరిక్ష భవన్ దాకా దారి ఉందని వాడికి తెలియాలి.

విమానపుర పెద్దాయన గారూ, హోదా పేరులోని గీటు నాకు అనుకూల సాక్ష్యమే. సంస్థ గీటు పెట్టి రెండు పేర్లనూ నిలబెట్టింది. మనవాళ్లు గీటుతో పాటు రెండో పేరును కొట్టేశారు. ఎవరి పని ఏదో తెలిసినప్పుడు ఆ ఒక్కటే రాయవచ్చు. ఇద్దరి పనీ ఒకే మనిషిలో ఉన్నప్పుడు రెండూ రాయవచ్చు. కిరణ్ కుమార్ గారు అలాంటివారు. బెంగళూరులోనే భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివి, ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో ఎంటెక్ చేశారు. ఆ ఎంటెక్ పేరే ఫిజికల్ ఇంజనీరింగ్. ఆ తర్వాత అహ్మదాబాదులో ఉపగ్రహాల కెమెరాల మీద పని. ఘాటగే గారూ ఆ వరుసలోవారే.

అసలు పరీక్ష ధవన్ గారు. లాహోరులో గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్ల సాహిత్యంలో ఎంఏ, మెకానికల్ ఇంజనీరింగ్. తర్వాత కాల్టెక్‌లో డాక్టరేటు. అక్కడ ఆయన ఏం చేశారో తెలిస్తే మన గొడవ ఎంత సూక్ష్మమైనదో తెలుస్తుంది. గాలి ఒక పలక మీదుగా వేగంగా పోతున్నప్పుడు దాన్ని రాసుకుంటూ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు ఎంతో లెక్క కట్టడానికి సిద్ధాంతాలున్నాయి, నేరుగా కొలిచి చూడటమే కష్టం. ధవన్ పలకలో చిన్న ముక్కను చుట్టూ సన్నని సందు వదిలి వేరు చేశారు. గాలి లాగినప్పుడు ఆ ముక్క ఒక్కటే వెంట్రుకవాసి కదులుతుంది, ఆ కదలికే కొలత. ముక్క అంచు పలకకన్నా రవ్వంత పైకి లేచినా, కిందికి దిగినా కొలత పాడవుతుంది. తెలుసుకోవాలన్న తపన శాస్త్రవేత్తది. ఆ ముక్కను అంత నిక్కచ్చిగా అమర్చిన చెయ్యి ఇంజనీరుది. ఆయన ఐఐఎస్‌సీకి వచ్చి ధ్వనివేగాన్ని మించిన గాలిని సృష్టించే సొరంగం కట్టించారు. మా ఇంటి దగ్గర విండ్ టన్నెల్ రోడ్డు అన్న పేరు కూడా ఎన్‌ఏఎల్ (జాతీయ వైమానిక ప్రయోగశాలలు) వారి గాలి సొరంగాల వల్ల వచ్చిందే. ఆ దారిన రోజూ కూరగాయలకు వెళ్లేవాళ్లకు ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

కాబట్టి ధవన్ గడిలో 'ఇంజనీరు, వాయుగతి శాస్త్రవేత్త' అని రెండూ రాయిస్తాను.

చెన్నై సభ్యుడు – క్రోంపేట

ఇక్కడ తమిళంలో ఇంజనీరుకు 'పొఱియాళర్' అని సొంత మాట ఉంది. పొఱి అంటే యంత్రం. పత్రికల్లో, బోర్డుల మీద, పెళ్లిపత్రికల్లో కూడా ధైర్యంగా వాడతారు. మా పేటలోని ఎంఐటీ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లోనే కలాం గారు, శివన్ గారు విమాన ఇంజనీరింగ్ చదివారు. శివన్ గారు అంతకు ముందు గణితంలో డిగ్రీ చేశారు. రాకెట్ ప్రయాణ మార్గాన్ని ముందే గణించి చూపే 'సితార' సాఫ్ట్‌వేర్ వెనుక ముఖ్యుడు ఆయనే. మల్లేశ్వరం టీచరుగారు చెప్పిన యంత అంటే అచ్చంగా ఆయనే అనిపించింది. తెలుగులో మనకూ సొంత మాట ఒకటి చేసుకుంటే? 'నిర్మాత' ఎలా ఉంటుంది?

చర్చ ప్రారంభించినవారు

నిర్మాత బంగారం లాంటి మాట, కానీ సినిమావాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు. 'రాకెట్ నిర్మాత' అంటే ఎవరో డబ్బు పెట్టారనుకుంటారు. 'రూపశిల్పి' ఉంది గాని, అది ఇప్పుడు పొగడ్తగా మారింది, ప్రతి పథకానికీ ఒక రూపశిల్పి ఉంటున్నాడు. నాకు నచ్చింది 'రూపకర్త'. సోవియట్ రాకెట్లను నడిపించిన కొరొల్యోవ్‌కు అధికారిక బిరుదే 'ప్రధాన రూపకర్త' అన్న అర్థంలో ఉండేది. 1966లో ఆయన చనిపోయేదాకా లోకానికి పేరు తెలియనివ్వలేదు, హోదా ఒక్కటే తెలుసు. చేసే పనే ఆయనకు పేరైంది.

అయితే ఒక్కటి. నాయకుడి పదవి వేరు, వృత్తి వేరు. అమెరికాలో చంద్రయాత్రకు సన్నాహాలు సాగిన 1961–68 కాలంలో నాసాను నడిపిన జేమ్స్ వెబ్ చదివింది న్యాయశాస్త్రం. ఆయనను మన పత్రికలు శాస్త్రవేత్త అనకూడదు, ఇంజనీరు అనీ అనకూడదు. ఆయన పాలనాదక్షుడు. పదవికి 'సారథి' ఎలాగూ వాడుకలో ఉంది, 'ఇస్రో కొత్త సారథి' అని శీర్షికలు పెడుతూనే ఉన్నారు. అది ఉండనివ్వండి. వృత్తి దగ్గర మాత్రం ఇంజనీరు అనే రాద్దాం. కొత్త మాట పుట్టేదాకా ఆగనక్కరలేదు, ఆ మాట ఇప్పటికే తెలుగైపోయింది.

విశ్రాంత ఇంజనీరు – విమానపుర

ఒప్పుకున్నాను. అయితే మీ జాబితాలో అధిపతులతో ఆగకండి. చంద్రయాన్-2కు ప్రాజెక్ట్ డైరెక్టర్ ముత్తయ్య వనిత గారు, ఆమె ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్ గారు, ఆమె భౌతికశాస్త్రం చదివి తర్వాత ఐఐఎస్‌సీలో ఇంజనీరింగ్ చేశారు. మన పత్రికలు ఇద్దరికీ కలిపి 'మహిళా శాస్త్రవేత్తలు' అని రాసి ఊరుకున్నాయి. వృత్తి సరే, ఆ పదవుల తేడా కూడా పోయింది. ఒకరిది నౌకను తయారు చేయించే బాధ్యత, ఇంకొకరిది దాని ప్రయాణ బాధ్యత. ఈ రెండు పదవులకు వేర్వేరు తెలుగు మాటలు కావాలి. మల్లేశ్వరం టీచరుగారు, ఉపసంపాదకులు ఆలోచించి చెబితే వచ్చేవారం దాని మీద కూర్చుందాం.