డాలస్‌లో ఉండేవాడికి కార్వెట్టా, 911నా?

ప్లేనో_వంశీ: సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూస్తున్నాను. ఒకటి 2021 కార్వెట్ సీ8 (ఎనిమిదో తరం మోడల్), ఇంకోటి 2020 పోర్షే 911 కరెరా. రోజూ నడిపేది డాలస్ టోల్ రోడ్డు మీద. ఏడాదికి రెండుసార్లు తాలిమెనా డ్రైవ్‌కి వెళ్తాం. ఓక్లహోమా నుంచి ఆర్కాన్సాస్‌లోకి కొండల మీదుగా 54 మైళ్ల ఘాట్ రోడ్డు. నడిపినవాళ్లు చెప్పండి.

స్టట్‌గార్ట్_శ్రీను: 911. ఇందులో ఆలోచించడానికేముంది? అమెరికా కార్లు తిన్నగా పోవడానికి పుట్టాయి. మొన్నమొన్నటి దాకా కార్వెట్ కింద లారీలకున్నట్టు కమాన్ కట్టలే.

కావలి_రాజు: మళ్లీ కమాన్ కట్టలేనా శ్రీనుగారూ! 1980ల నుంచి వెనక ఉన్నది ఫైబర్ పట్టీ. అడ్డంగా ఒక్కటే ఉంటుంది, బరువు తక్కువ. వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ 1963లోనే వచ్చింది. సీ8కి ఆ పట్టీ కూడా పోయింది, నాలుగు పక్కలా కాయిల్ స్ప్రింగులే. ఇంజన్ కూడా సీట్ల వెనక్కి వచ్చింది. 6.2 లీటర్ల వీ8, 490 హార్స్‌పవర్, 2020లో కొత్తదే 60 వేల డాలర్ల లోపు మొదలు. మీ కరెరాకి మూడు లీటర్లు, 379 హార్స్‌పవర్, ధర లక్షకు దగ్గర. లెక్క మీరే వేసుకోండి.

స్టట్‌గార్ట్_శ్రీను: ఆయన రోడ్డు గురించి అడిగితే మీరు హార్స్‌పవర్ చెబుతున్నారు. సీ8 వెడల్పు 1.93 మీటర్లు, 911 వెడల్పు 1.85. ఇటలీలో స్టెల్వియో కనుమకి ప్రాటో వైపు నుంచి ఎక్కి చూడండి, 48 హెయిర్‌పిన్‌లు, అంటే వెనక్కి తిరిగే మలుపులు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఆ ఎనిమిది సెంటీమీటర్లే దిక్కు. ఇక్కడ జర్మనీ హైవే ఆటోబాన్ మీద రిపేరు జరిగేచోట ఎడమ లేన్‌లోకి 2.1 మీటర్లు దాటిన బండి రాకూడదని బోర్డు కనిపిస్తుంది. వెడల్పు చిన్న విషయం కాదు.

గోదారోడు: ఆయన ఉండేది డాలస్ పక్కన ప్లేనోలోనండీ, ఇటలీలో కాదు.

కావలి_రాజు: ఆ 2.1 పక్క అద్దాలతో కలిపి. మీ 911 అద్దాలతో 2.02 మీటర్లు. ఆ బోర్డు దగ్గర దానికీ చెమటలే.

మిషిగన్_మాధవి: టేపు పక్కన పెట్టి గుంతల సంగతి మాట్లాడండి. ఇక్కడ చలికాలమంతా పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి, మార్చి వచ్చేసరికి రోడ్డు పెచ్చులు ఊడిపోతుంది. పోయినేడు మా కారు (ఏ దేశానిదో చెప్పను, మళ్లీ కొట్టుకుంటారు) ఒక్క గుంతలో పడితే రిమ్ము వంగింది. షెడ్డుకి తీసుకెళ్తే నాలుగు టైర్లూ మార్చాలన్నాడు. ఒక్క రిమ్ముకి నాలుగు టైర్లు!

వంశీగారూ, కార్వెట్ తీసుకుంటే మ్యాగ్నెటిక్ రైడ్ ఉన్నదే చూడండి, అన్నిటికీ ఉండదు. షాక్ అబ్జార్బర్ నూనెలో సన్నటి ఇనప రజను కలిపి ఉంటుంది. కరెంటు అందగానే ఆ నూనె చిక్కబడి షాకు గట్టిపడుతుంది. కార్వెట్ చేసే కంపెనీదే అయిన క్యాడిలాక్‌కి 2002 మోడల్‌లో మొదట వచ్చింది. తర్వాత ఫెరారీ 599 కూడా అదే పెట్టుకుంది.

కావలి_రాజు: విన్నారా శ్రీనుగారూ? ఫెరారీ వాళ్లే మన దగ్గర నేర్చుకున్నారు. మీ జర్మనీ రేస్ ట్రాక్ నూర్‌బర్గ్‌రింగ్ సంగతి కూడా చెప్పమంటారా? 2025లో కార్వెట్ జెడ్ఆర్1ఎక్స్ 6 నిమిషాల 49 సెకన్లలో తిరిగొచ్చింది.

స్టట్‌గార్ట్_శ్రీను: మన దగ్గరట! అది 1250 హార్స్‌పవర్ బండి, ముందు చక్రాలకు ఎలక్ట్రిక్ మోటరు. వంశీ కొనే పాత సీ8కీ దానికీ ఏం చుట్టరికం? పైగా ట్రాక్ కోసం మాంటాయ్ కంపెనీ కిట్ వేసిన 911 జీటీ2 ఆర్ఎస్ 2021లోనే 6 నిమిషాల 43 సెకన్లు చేసింది. మీ ఊళ్లో రోడ్లు స్కేలు పెట్టి గీసినవి. మీ కారు ఎప్పుడైనా మలుపు మొహం చూసిందా?

కావలి_రాజు: నా కారు నా డబ్బుతో కొన్నాను, అది ఏం చూడాలో నేను చూసుకుంటాను. మీకు 911 ఉందా? ఇన్నేళ్లుగా ఇక్కడ రాస్తున్నారు, ఒక్క ఫోటో పెట్టలేదు.

గోదారోడు: అయిపోయింది.

స్టట్‌గార్ట్_శ్రీను: లేదు. నేను నడిపేది ఆఫీసు వాళ్లిచ్చిన డీజిల్ బండి. నా ఉద్యోగం షాక్ అబ్జార్బర్ల సెట్టింగ్. వాల్వులో కాగితమంత పల్చటి రేకు ఒకటి మార్చి, అదే మలుపులో అదే గతుకు మీద నుంచి నలభైసార్లు తిరిగిన రోజులున్నాయి. మలుపు మధ్యలో గతుకు తగిలితే స్టీరింగ్ చేతిలో మెదలకూడదు, అంతే. దానికోసం వారాలు పోతాయి. మీరేమో "ధర లక్ష" అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. నాకు మండేది అక్కడ.

కావలి_రాజు: ఈ మాట ముందే అంటే పోయేది కదండీ. మీ పనిని నేను తక్కువ చేయలేదు. కానీ ఆ పని తెలిసే మలుపు మా ఇంటికి మూడు గంటల దూరం. ఏడాదికి నాలుగు రోజులు వెళ్తాను. ఆ నాలుగు రోజుల కోసం అదనంగా 40 వేల డాలర్లు పెట్టమంటే నాకు చేతులు రావు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. తాలిమెనాలో ఓ దిగుడు దగ్గర కుడి చక్రం ఎక్కడుందో అంచనా తప్పి గడ్డిలోకి దింపాను. రెండుసార్లు. మా ఆవిడ ఆ తర్వాత మళ్లీ నాతో అటు రాలేదు.

స్టట్‌గార్ట్_శ్రీను: ఎనిమిది సెంటీమీటర్లు.

మిషిగన్_మాధవి: ఇంతకీ వంశీగారు ఏరీ?

ప్లేనో_వంశీ: ఇక్కడే ఉన్నానండీ. శనివారం రెండూ చూసొచ్చాం. 911 వెనక సీట్లో మా పాప కాళ్లు ముడుచుకుని ఎలాగో కూర్చుంది. కార్వెట్‌కి వెనక సీటే లేదు. ఇంట్లో అక్కడికక్కడే తేల్చేశారు. ఇక టైర్లు ఏవి వేయించమంటారు?

గోదారోడు: అది వేరే చర్చ పెట్టండి బాబూ. జర్మనీలో రాత్రి రెండయింది, శ్రీనుగారు పడుకోవాలి.

స్టట్‌గార్ట్_శ్రీను: నేను మెలకువగానే ఉన్నాను. సైజు చెప్పండి.