కంటి కింద ఫిల్లర్ గడ్డ కట్టింది, కరిగించుకున్నవాళ్ళు చెప్పగలరా?

మా అక్క కంటి కింద గుంటలకు హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ (గుంట నిండేలా చర్మం కింద ఇంజెక్షన్‌తో ఎక్కించే జెల్) వేయించుకుంది. తగ్గిందనిపించినప్పుడల్లా మళ్ళీ వేయించుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎడమ కంటి కింద బఠాణీ గింజంత గడ్డ చేతికి తగులుతోంది. దాని మీద చర్మం నీలంగా కనిపిస్తోంది, పొద్దున లేచేసరికి ఉబ్బుతోంది. నొప్పి, జ్వరం, చూపు మసకబారడం లాంటివి లేవు. ఇంకొంచెం వేస్తే సమం అవుతుందని క్లినిక్‌వాళ్ళు అంటున్నారు. గడ్డ ఉండగా మళ్ళీ వేయడమంటే నాకు చాలా భయంగా ఉంది.

హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో ఈ రకం ఫిల్లర్ కరుగుతుంది కదా, ఎవరైనా చేయించుకున్నారా? ముందు అల్ట్రాసౌండ్ తీశారా? అక్కకి చిన్నప్పుడు తేనెటీగ కుట్టి ఒళ్ళంతా వాచింది. ఆ విషంలోనూ ఇదే రకం ఎంజైమ్ ఉంటుంది కాబట్టి అసలు టెన్షన్ అదే. మీకు అలర్జీ టెస్ట్ చేశారా? ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించాలా, ప్లాస్టిక్ సర్జన్‌కా?