కొన్న గేమ్‌ను స్నేహితుడికి నాలుగు రోజులు ఇచ్చే దారి ఉందా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి)

బెంగళూరులో ముగ్గురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో తగ్గింపు పెట్టినప్పుడల్లా కొంటూ వచ్చాను, ఇప్పటికి నా దగ్గర నలభై మూడు గేమ్‌లు పోగయ్యాయి. మాతో ఉండే ఒంగోలు మిత్రుడికి రాత్రి డ్యూటీ. మధ్యాహ్నం నిద్ర లేచాక వాడికి తోచదు. నేను సెలవు రోజున పొలం సాగు చేసే గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ ఆడుతుంటే వెనక నిలబడి, "ఆ మూల మడికి నీళ్లు పెట్టలేదు చూడు" అంటాడు. వాళ్లది పొగాకు పండించిన ఇల్లు. వాడి చేతికి ఆ గేమ్ ఇవ్వాలని నాకు నిజంగా ఉంది.

గుంటూరులో ఇంటర్ చదివేటప్పుడు ఒక గేమ్ సీడీ నలుగురి ఇళ్లు తిరిగి, గీతలు పడి, మూత విరిగి నా దగ్గరికి వచ్చేది. అయినా మళ్లీ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు డబ్బు పెట్టి కొన్నదాన్ని ఇవ్వలేకపోవడం మనసుకు కష్టంగా ఉంది. పోయిన వారం పాస్‌వర్డ్ చెప్పాను. వాడు లాగిన్ అయినప్పుడల్లా నా ఫోనుకు కోడ్ వస్తుంది, నేను మీటింగ్ మధ్యలో చూసి పంపాలి. ఇంతకంటే మంచి పద్ధతి ఏదైనా ఉందా? వచ్చే నెల వాడు హైదరాబాద్‌లో వాళ్ల అన్న దగ్గరికి వెళ్లిపోతున్నాడు.

జవాబు (ఎలక్ట్రానిక్ సిటీ నుంచి)

ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. ఖాతాను ఇతరులకు ఇవ్వడం ఒప్పందానికి విరుద్ధం, ఏం జరిగినా బాధ్యత మీదే.

కొన్న గేమ్‌లను ఇంట్లోవారితో పంచుకోవడానికి 2024 సెప్టెంబరు నుంచి స్టీమ్ ఫ్యామిలీస్ ఉంది. ఒకే ఇంట్లో ఉండే ఆరుగురి వరకు చేరవచ్చు. ఎవరి ఖాతా వారిది, ఎవరు ఎంతవరకు ఆడారో దాచే సేవ్‌లూ ఎవరివి వారివే. పాత పద్ధతిలో ఒకరు ఆడుతుంటే ఆ లైబ్రరీ, అంటే వారు కొన్న గేమ్‌లు మొత్తం, మిగతావారికి మూతపడేది. ఇప్పుడు మీరు ఒక గేమ్ ఆడుతుండగా ఆయన మీ లైబ్రరీలోనే మరొకటి ఆడుకోవచ్చు. ఒకే గేమ్‌ను ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కావాలి. కొన్ని గేమ్‌లను పంచుకోవడానికి వాటి తయారీదారులు ఒప్పుకోరు.

తొందరపడి ఎవరినీ చేర్చకండి. మా పిన్ని కొడుకు నా కాపీతో ఆన్‌లైన్ ఆటలో మోసం చేసి దొరికాడు. నిషేధం వాడితో పాటు నాకూ పడింది, నియమమే అది. ఇంకొకటి: స్టీమ్‌లో ఒక కుటుంబం నుంచి బయటికి వచ్చినవారు, అందులో చేరిన రోజు నుంచి ఏడాది నిండేవరకు మరో కుటుంబంలో చేరలేరు.

జవాబు (కోరమంగళ నుంచి)

తమ్ముడూ, నేను ఇప్పటికీ డిస్కులే కొంటాను. నా ప్లేస్టేషన్ 5 గేమ్ డిస్కు ఒకటి ఈ వేసవిలో విజయవాడ బస్సెక్కి వెళ్లి, మా బావమరిది ఆడటం పూర్తయ్యాక నిమ్మకాయ పచ్చడి సీసాతో పాటు తిరిగి వచ్చింది. 2013లో మైక్రోసాఫ్ట్ గేమ్ యంత్రం ఎక్స్‌బాక్స్ వన్‌లో డిస్కులను అరువివ్వడానికి ఆంక్షలు పెట్టబోతే ఆటగాళ్లు గట్టిగా ఎదురు తిరిగారు, జూన్‌లోనే ఆ కంపెనీ వెనక్కి తగ్గింది. మనం అడిగితేనే ఆ హక్కు నిలుస్తుంది.

డిస్కు లేని డిజిటల్ గేమ్‌లలో అరువుకు దగ్గరగా వచ్చింది గేమ్ యంత్రాల కంపెనీ నింటెండో. డిజిటల్‌గా కొన్న గేమ్‌ను కార్డులా చేతులు మార్చుకునేందుకు 2025లో తెచ్చిన వర్చువల్ గేమ్ కార్డును కుటుంబ బృందంలోని వారికి పద్నాలుగు రోజులు ఇవ్వవచ్చు, గడువు తీరితే అదే వెనక్కి వస్తుంది. ఇచ్చేటప్పుడు రెండు పరికరాలూ పక్కపక్కన ఉండాలి. కాబట్టి మీ మిత్రుడు హైదరాబాద్ వెళ్లాక అది కూడా కుదరదు.

జవాబు (బీటీఎం లేఔట్ నుంచి)

డిజిటల్‌గా మనం కొంటున్నది లైసెన్స్, అంటే ఆడుకునే అనుమతి, గేమ్ కాదు. ఈ మాట కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం ఉంది. ఫ్రాన్స్‌లో డిజిటల్ గేమ్‌లను తిరిగి అమ్ముకోవచ్చని 2019లో పారిస్ కోర్టు తీర్పిచ్చింది, 2022లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే నేను నచ్చిన వాటికి డిస్కు దొరికితే డిస్కే తీసుకుంటాను.

ప్రశ్న వేసిన వ్యక్తి

అందరికీ కృతజ్ఞతలు. పాస్‌వర్డ్ మార్చాను. ఆ ఏడాది నియమం చదివి వాణ్ని నా కుటుంబంలో చేర్చలేదు. వాళ్ల అన్న లైబ్రరీ నా దానికంటే పెద్దది. నెల రోజుల కోసం నా దగ్గర చేరితే, అక్కడికి వెళ్లాక మిగతా పదకొండు నెలలూ వాడు దానికి దూరమవుతాడు. నా లైబ్రరీలో ఉన్న కాపీని ఎవరికీ బదిలీ చేయలేను కనుక ఇంకొకటి కొని వాడి ఖాతాకు బహుమతిగా పంపాను.

నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి వాడు డ్యూటీకి బయలుదేరుతున్నాడు. ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, మూల మడికి నీళ్లు పెడుతున్నాడు.