రెయిన్‌బో రోడ్‌కు పిట్టగోడ ఉండాలా?

వారాంతపు డ్రైవర్ (ప్రశ్న)

మా తొమ్మిదేళ్ల అమ్మాయితో కలిసి నేను ప్రతి శనివారం నింటెండో స్విచ్ గేమ్ యంత్రంలో మారియో కార్ట్ 8 డీలక్స్ అనే చిన్న బండ్ల రేసు ఆట ఆడుతుంటాను. నింటెండో ఆన్‌లైన్ చందా ఉండటంతో 1992 నాటి సూపర్ మారియో కార్ట్‌నూ, 1996లో జపాన్‌లో వచ్చిన మారియో కార్ట్ 64నూ కూడా ఆడి చూశాము. మూడింటిలోనూ చివరి పరీక్షగా ఉండేది అంతరిక్షంలో ఇంద్రధనుస్సు రంగులతో పరచిన రెయిన్‌బో రోడ్ అన్న ట్రాకే. 1992 నాటి ఆటలో ఆ రోడ్డుకు అంచున అడ్డు అన్నదే లేదు. డీలక్స్‌లో చాలా చోట్ల లేదు. 64లో మాత్రం రోడ్డు పొడవునా నక్షత్రాలను గుచ్చిన రెయిలింగ్ ఉంది. మా అమ్మాయి దానిపై హాయిగా గెలిచి, ఆ తరువాత ముఖం చిన్నబుచ్చుకుని "పడిపోవడమే లేనప్పుడు ఇది రెయిన్‌బో రోడ్ ఎలా అవుతుంది నాన్నా?" అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు. తెలిసినవారు చెప్పగలరా? మారియో కార్ట్ 8లోని రోడ్డుపై మేము ప్రతి ల్యాప్‌కు రెండు మూడు సార్లు పడిపోతున్నాము, దానికి కూడా ఏదైనా ఉపాయం ఉంటే దయచేసి తెలియజేయండి.

పాత కార్ట్రిడ్జ్

మీ అమ్మాయి సరైన ప్రశ్నే అడిగింది. 1992 నాటి ఆట నడిచిన సూపర్ నింటెండో యంత్రానికి మోడ్ 7 అనే సౌకర్యం ఉండేది. ఒక బల్లపరుపు చిత్రాన్ని తిప్పుతూ, దగ్గర దూరాలకు తగినట్టు పెంచుతూ తగ్గిస్తూ, నేల మన ముందు పరచుకుని ఉన్నట్టు అది భ్రమ కలిగించేది. ఎత్తుపల్లాలు లేవు, ఆ ఆటలోని ప్రతి ట్రాకూ నేలమీద పరచిన చాప లాంటిదే. కాబట్టి కొండలతోనో లోయలతోనో కష్టం పెట్టే వీలు లేక, రోడ్డు వెడల్పు, మలుపు కోణం, అంచు, ఈ మూడింటితోనే పని నడిపించవలసి వచ్చింది.

అయితే గోడలు పెట్టడం సాధ్యం కాక వదిలేశారని అనుకోకండి. అదే ఆటలో మారియో సర్క్యూట్‌కు అంచున దిమ్మెలు ఉంటాయి, తగిలితే బండి వెనక్కి ఎగురుతుంది. రెయిన్‌బో రోడ్‌కు వాటిని కావాలనే తీసేశారు. అది పిట్టగోడ లేని డాబా. దానిపై ఐదు ల్యాప్‌లు తిరగాలి, పైగా దారిలో థ్వాంప్ అనే రాతి దిమ్మెలు దబదబా పడుతుంటాయి. పడిన ప్రతిసారీ మేఘంపై తిరిగే లకీటు మనల్ని గాలంతో తెచ్చి రోడ్డుపై దింపుతాడు. ఈలోగా మిగిలిన ఏడుగురూ ముందుకు వెళ్లిపోతారు.

64కు వచ్చేసరికి యంత్రం మారింది, రోడ్డు నిజంగా లేచి దిగగలిగింది. ఆటలో చెప్పే లెక్క ప్రకారం ఆ ట్రాక్ పొడవు 2000 మీటర్లు, మూడు ల్యాప్‌లకు ఇంచుమించు ఆరు నిమిషాలు పడుతుంది. అంత పొడవైన రోడ్డుకు అడ్డు తీసేసి ఉంటే నలుగురు కూర్చుని ఆడే ఇంట్లో ఎవరూ రెండో ల్యాప్ దాటి ఉండేవారు కాదు. రెయిలింగ్ ఉన్నందువల్లే తల ఎత్తి ఆకాశంలో వెలిగే ఆట పాత్రలు మారియో, పీచ్‌ల నియాన్ బొమ్మలను చూసే తీరిక మనకు దొరికింది. నా దృష్టిలో అది పోటీకన్నా రాత్రి ప్రయాణానికి దగ్గరగా ఉంటుంది. పేరుకు తగినది కాదని మాత్రం అనను.

మూడో ల్యాప్

కార్ట్రిడ్జ్ గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. 64 రోడ్డు ప్రశాంతంగా ఉంటుందని అనేవారు దానిలోని అసలు ప్రమాదాన్ని వాడుకోని వారే. పోటీ మొదలైన కొద్ది సేపటికి నిటారుగా దిగే పెద్ద వాలు వస్తుంది. అక్కడ సరైన క్షణంలో ఎగిరి రెయిలింగ్‌ను దాటగలిగితే, ఎంతో ముందుకు వెళ్లిన తరువాత గానీ రాని రోడ్డు భాగంపై నేరుగా దిగవచ్చు. ల్యాప్‌లో పెద్ద ముక్క అలా ఎగిరిపోతుంది. గురి తప్పితే మళ్లీ లకీటే దిక్కు, ఆ సమయం కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

కాబట్టి రెయిలింగ్ ఉన్నంత మాత్రాన పడే భయం లేదని అనకూడదు. మిగిలిన రెయిన్‌బో రోడ్లు మనల్ని అడగకుండానే పడేస్తాయి, ఇది మాత్రం దూకుతావా అని అడుగుతుంది. మీ అమ్మాయికి ఆ వాలు చూపించండి. (నలుగురు ఆడేటప్పుడు ఇలా దూకడాన్ని ముందే నిషేధించుకోవడం మంచిది. మా ఇంట్లో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన రోజులు ఉన్నాయి.)

నిదానం

పై చర్చ ఆసక్తికరంగా ఉంది, నేను మీ రెండో ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతాను. డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ అనే సహాయం ఉంది, బండిని ఎంచుకునే తెరపై ప్లస్ బటన్ నొక్కితే కనిపిస్తుంది. అది పనిచేస్తున్నప్పుడు బండి వెనుక చిన్న యాంటెన్నా ఉంటుంది, అంచుకు చేరగానే బండి తనంతట తానే లోపలికి తిరుగుతుంది. మొదటి వారం అది ఉంచండి, తరువాత తీసేయండి. ఉన్నంతకాలం అంచు ఎక్కడ ఉందో కన్ను నేర్చుకోదు, కొన్ని అడ్డదారులు కూడా మూసుకుపోతాయి.

తీసేసిన తరువాత చాలామంది చేసే తప్పు ఏమిటంటే, మలుపు కనిపించాక డ్రిఫ్ట్ (బటన్ పట్టుకుని జారుతూ తిరగడం) మొదలుపెట్టడం. మలుపుకు కొంచెం ముందే బయటి అంచు వైపు ఉండి, చక్రాల దగ్గర నీలం నిప్పురవ్వలు రాగానే బటన్ వదిలేయండి. ఇంకా ఎక్కువ వేగమిచ్చే నారింజ రంగు రవ్వల కోసం ఆశపడి ఇంకొంత సేపు పట్టుకున్న ప్రతిసారీ నేను ఆకాశంలోకే వెళ్లాను. స్పోర్ట్ బైక్‌లు లోపలికి కోసుకుంటూ తిరుగుతాయి, అవి అలవాటయ్యే వరకు మామూలు కార్ట్ మేలు. ఈ రోడ్డులో గురుత్వాకర్షణకు ఎదురు నడిచే భాగాలలో పక్కవారిని తగిలితే ఇద్దరికీ వేగం పెరుగుతుంది. దానిని రోడ్డు మధ్యలో వాడుకోండి, అంచున ఎవరినీ తగలకండి. పడిన ప్రతిసారీ మూడు నాణేలు పోతాయి, నాణేలు తగ్గితే గరిష్ఠ వేగమూ తగ్గుతుంది కనుక పడటం వల్ల నష్టం రెండు విధాలుగా జరుగుతుంది.

మరొక మాట. 1992 నాటి రోడ్డును డీలక్స్‌లో ట్రైఫోర్స్ కప్ అనే నాలుగు ట్రాకుల పోటీలో మళ్లీ వేశారు. అక్కడ థ్వాంప్ పడినప్పుడు రోడ్డు అలలాగా లేస్తుంది, ఆ అల మీద ఆర్ బటన్ నొక్కితే వేగం వస్తుంది. పాత ఆటలో భయపెట్టిన దిమ్మె ఇక్కడ కొంత సాయం కూడా చేస్తుంది.

వారాంతపు డ్రైవర్

అందరికీ కృతజ్ఞతలు. ఈ శనివారం 50 సీసీలో (అన్నిటికన్నా నెమ్మదైన వేగ స్థాయిలో) స్మార్ట్ స్టీరింగ్ లేకుండా ఆడి అమ్మాయి నాలుగో స్థానంలో వచ్చింది. నిదానం గారు చెప్పినట్టు నీలం రవ్వలకే బటన్ వదిలేస్తోంది, నేనే ఇంకా నారింజ కోసం చూసి పడుతున్నాను. 64లోని వాలు దగ్గర పదకొండు సార్లు దూకి ఒక్కసారి దిగగలిగింది. ఆ ఒక్కసారి తరువాత పోటీ పూర్తి చేయకుండానే మళ్లీ మొదలుపెట్టమంది.