అప్‌డేట్: బాలింతకు చేసే రాగి బిస్కెట్లు ఇప్పుడు విరగడం లేదు

బాలింతగా ఉన్న మా చెల్లి కోసం రాగిపిండి, నువ్వులు, బెల్లం, నెయ్యితో బిస్కెట్లు చేస్తుంటే ట్రే మీంచి తీయగానే పొడైపోతున్నాయని అడిగాను కదా. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మా వీధి చివరి బేకరీ ఆయనకి పిండిముద్ద చూపించాను. వేళ్లతో నలిపి చూసి, "రాగుల్లో గ్లూటెన్ ఉండదమ్మా, పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు. గ్లూటెన్ అంటే పిండిని పట్టి ఉంచే జిగురు లాంటి ప్రొటీన్, అది గోధుమపిండిలో ఉంటుంది. ఇక్కడ ఒకరు సగానికి సగం గోధుమపిండి కలపమన్నది అందుకే పనిచేసింది. 100 గ్రాముల రాగిపిండికి 100 గ్రాముల గోధుమపిండి, చిటికెడు సొంఠి, ముద్ద కావడానికి సరిపడా గోరువెచ్చని పాలు. అరగంట మూతపెట్టి ఉంచి, 160 డిగ్రీల్లో 18 నిమిషాలు కాల్చాను. బయటికి తీసినప్పుడు అంచులు గట్టిపడి, మధ్యలో నొక్కితే ఇంకా మెత్తగానే ఉంటాయి. అప్పుడు కదపకూడదు, ట్రే మీదే పూర్తిగా చల్లారాలి. అసలు కిటుకు ఇదేనేమో అనిపిస్తోంది.

ఓవెన్ మార్చడం, బేకింగ్ పౌడర్ పెంచడం అవసరం పడలేదు. గుడ్డు వేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. నువ్వులు వేడి చేస్తాయని అత్తయ్యగారు టెన్షన్ పడ్డారు గానీ, డాక్టరు గారు తినొచ్చన్నారు. చెల్లి రాత్రి పాపకి పాలిచ్చాక రెండు తింటోంది.