సమస్య: జాఱు ముడి గాచు ప్రాణమ్ము సందియమ్మె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. ప్రూసిక్ ముడి (కొండలెక్కేవాళ్లు లావు తాడు మీద సన్న తాడు లూప్‌ను చుట్టి వేసే ముడి) వేస్తుంటే ఈ పాదం తట్టింది. బరువు పడితే పట్టు, తీస్తే జారుడు. కానివ్వండి.

తేటనీరు:
మూడు చుట్లను దిప్పిన మోకుపైన
సన్న తాడది బరువుతో జాఱదయ్య
బరువు తీసిన చేతితో పైకిఁ బోవు
జాఱు ముడి గాచు ప్రాణమ్ము సందియమ్మె!

గురులఘువు: మూడో పాదంలో బ-పై యతి హాయిగా పడింది. కానీ "సన్న తాడు" అంటే ఎంత సన్నం? 10 మి.మీ. తాడు మీద 6 మి.మీ. అయితే సరే. రెండూ ఒకే లావైతే పట్టదు. మరీ సన్నమైతే బిగిసి, ఎంత తోసినా కదలదు. "చేతితో" అన్నారు, చెయ్యి ఎక్కడ పెట్టాలి? చుట్ల మీద అడ్డంగా ఉండే పేటను బొటనవేలితో నెట్టి వదులు చేస్తేనే ముడి పైకి సాగుతుంది. జారిపడేటప్పుడు భయంతో ముడినే గుప్పిట పడితే అది కొరకదు, మనిషితో పాటే కిందికి వస్తుంది.

మోకుమావ: మోకు అనగానే నాకు తాటిచెట్టే కనిపిస్తుంది. గీత కార్మికుడు వెనక్కి వాలితే మోకు మానును పట్టేస్తుంది, ముందుకు ఒరిగితే వదులై పైకి ఎగురుతుంది. ముడి వేరు గానీ సూత్రం ఇదే. "మోకు" అన్న మాట మార్చొద్దు.

పేటముడి:
తడిసి జాఱెడు మోకుపైఁ దగిన చుట్లు
నాల్గు పెట్టుము పేటలు నలగకుండ
పొడిగ నున్నచో మూఁటితోఁ బట్టు గలుగు
జాఱు ముడి గాచు ప్రాణమ్ము సందియమ్మె!

గురులఘువు: పేటముడి గారూ, మూడో పాదం చూసుకున్నారా? పొ-కి బ. ఒకారానికి అకారం ఎలా చెల్లింది? "మూఁటితోఁ బొసగు పట్టు" అంటే పోయేది. రెండో పాదంలో యతి కోసం నలిగింది పేట కాదు, అర్థం. పేటలు నలగడంతో వచ్చే ముప్పు కాదిది, ఒకదాని మీదొకటి ఎక్కడంతో. మూడు చుట్లకు తాడు మీద ఆరు పేటలు వరసగా, సమాంతరంగా పడుకోవాలి. ఒక్కటి అడ్డం పడినా పట్టు సమంగా రాదు.

పోయిన వారం క్లెమ్‌హైస్ట్ అనే ఇలాంటి మరో ముడి మీద రాసి "ఇరు దిక్కుల పట్టు" అన్నదీ మీరే. అది ఒక వైపే పట్టే ముడి. రెండు వైపులా పట్టేది ప్రూసిక్.

పేటముడి: యతి తప్పు ఒప్పుకున్నాను. పోయిన వారం పద్యంలో ముడి పేరే లేదు, క్లెమ్‌హైస్ట్ అని ఊహించుకున్నది మీరు. తడి తాడుకు నాలుగో చుట్టు వేయమన్నదానిలో తప్పుందా? అది చెప్పండి.

గురులఘువు: లేదు. మంచు పట్టిన తాడుకూ అంతే. పూర్తి బరువు వేసే ముందు సగం బరువుతో పరీక్షించమని కూడా చేర్చాల్సింది.

ఏటవాలు:
దిగెడు పరికరమునకును దిగువఁ గట్టి
తొడల పట్టీకిఁ దగిలించి తోడు గొనిన
నాచు పట్టిన రాతిపై నడవఁ గాలు
జాఱు, ముడి గాచు ప్రాణమ్ము, సందియమ్మె?

తేటనీరు: అబ్బ! జారింది ముడి కాదు, కాలు. విరుపంటే ఇదీ!

మోకుమావ: పూరణ అద్భుతం. తాడు మీద దిగేవాడు మాత్రం కాస్త చూసుకోవాలి. ఇది ఆటోబ్లాక్ (దిగేటప్పుడు చెయ్యి వదిలినా తాడును పట్టే ముడి) కదా, తొడ పట్టీకి తగిలిస్తే మనిషి పక్కకు ఒరిగినప్పుడు కాలు పైకి లేచి ముడి పరికరానికి తగలొచ్చు. తగిలిందంటే పట్టు వదులుతుంది. పరికరాన్ని స్లింగ్ అనే పట్టీ వలయంతో కొంచెం పైకి జరిపి, ముడిని నడుము దగ్గర బిలే లూప్‌కు (నడుము పట్టీకి ముందుండే వలయం) తగిలిస్తే ఆ బాధ ఉండదు. ముడి వేసే తాడు లూప్ పొట్టిగా ఉండాలి.

ఏటవాలు: మావా, "నడుము" పెడితే రెండో పాదంలో తొ-తో యతి పోతుంది.

మోకుమావ: యతి పోతే పోనీ, మనిషి ఉంటాడు.

గురులఘువు: ఆ తాడు కొసలు కలిపి లూప్ చేసే ముడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకటిన్నర మీటరు త్రాడు, డబుల్ ఫిషర్‌మన్ ముడి, కొసలు కనీసం 5 సెం.మీ. బయటికి ఉండాలి. ఆ ముడి చుట్లలోకీ, క్యారబినర్ (తగిలించే లోహపు కొక్కెం) వంక మీదికీ రాకూడదు. బరువుతో జారి నైలాన్ పైపొర కరిగి మెరిసిన తాడైతే పారేయాలి. డైనీమా అనే మరో రకం తాడు నైలాన్ కన్నా తక్కువ వేడికే కరుగుతుంది, నునుపు కూడా.

నిర్వాహకుడు: 1931లో ఈ ముడిని పరిచయం చేసిన కార్ల్ ప్రూసిక్‌కు తేటగీతి రాదు కాబట్టి బతికిపోయాడు. ఏటవాలు గారి విరుపుకే నా ఓటు. పేటముడి గారూ, మీ రెండో పాదం ఇలా మారిస్తే అర్థమూ యతీ రెండూ నిలుస్తాయి:

పెట్టు నాల్గును, పేటలు పెనఁగకుండ

పేటముడి: బాగుంది, తీసుకున్నాను. గురులఘువు గారు ఇందులో దోషం పట్టేలోపే.

గురులఘువు: "నాల్గును"లో ఆ "ను" ఎందుకో...