డెంగీ కేసుల లెక్కకు పాయిజాన్ విభాజనం సరిపోతుందా?

ప్రశ్న:
హైదరాబాద్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. చేస్తున్నాను. కొన్ని బస్తీలలో వారంవారం నమోదైన డెంగీ కేసులను థీసిస్‌కు తీసుకున్నాను. పాయిజాన్ విభాజనంలో (ఒక నిర్ణీత కాలంలో ఒక ఘటన ఎన్నిసార్లు జరగవచ్చో సంభావ్యతలు చెప్పే నమూనా) సగటు, విస్తృతి (variance, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సమానంగా ఉండాలని చదువుకున్నాం కదా. ఒక బస్తీలో వారపు సగటు 4 ఉండగా విస్తృతి 16 వచ్చింది. చాలా వారాలు సున్నాలే, వానలు ముదిరాక మాత్రం కేసులు ఒక్కసారిగా పెరుగుతున్నాయి. అయినా పాయిజాన్‌తోనే ముందుకు వెళ్లవచ్చా?

మొదటి సమాధానం:
వెళ్లకండి. పాయిజాన్‌కు ఆధారం ఒక కేసుకూ మరో కేసుకూ సంబంధం లేకపోవడం, కేసులు వచ్చే రేటు మారకపోవడం. డెంగీలో ఈ రెండూ నిలవవు. ఈడిస్ దోమ ఒకే ఇంట్లో పలువురిని కుట్టగలదు కనుక, ఒకే అపార్ట్‌మెంట్ నుంచి ముగ్గురు నలుగురు ఒకే వారంలో జ్వరంతో రావడం మనం చూస్తూనే ఉంటాం.

మీ అంకెలతోనే చూద్దాం. సగటు 4 అయితే సున్నా కేసుల వారానికి పాయిజాన్ ఇచ్చే సంభావ్యత సుమారు 0.018, అంటే ఏడాదికి దాదాపు ఒక్క వారం. విస్తృతి సగటును మించే లెక్కలకు వాడే నెగెటివ్ బైనామియల్ విభాజనంలో విస్తృతి μ + μ²/k. ఇందులో μ సగటు, k చెదురును నిర్ణయించే సంఖ్య. విస్తృతి 16 కావాలంటే k విలువ 4/3 అవుతుంది, అప్పుడు అదే సంభావ్యత 0.157కు చేరి ఏడాదికి ఎనిమిది సున్నా వారాలు వస్తాయి. వారపు రేటే గామా విభాజనం (ధన విలువలకు వాడే ఒక నమూనా) ప్రకారం మారుతుందనుకుంటే పాయిజాన్ నుంచి పుట్టేది ఈ నెగెటివ్ బైనామియలే. 1920లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్తలు గ్రీన్‌వుడ్, యూల్ కార్మికుల ప్రమాదాల లెక్కకు ఈ దారినే పట్టారు.

తేడా థీసిస్‌తో ఆగదు. సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు (విస్తృతి వర్గమూలానికి రెట్టింపు) కలిపి హెచ్చరిక గీత గీస్తే పాయిజాన్ ప్రకారం అది 8 దగ్గర, మీ అసలు విస్తృతి ప్రకారం 12 దగ్గర పడుతుంది. ఈ మధ్యలో పడే ప్రతి వారమూ ఫాగింగ్ సిబ్బందిని అనవసరంగా పరుగెత్తిస్తుంది.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతాను. ఆ 16లో ఎంత భాగం కేవలం ఋతువు వల్ల వచ్చిందో ముందు తేల్చండి. వేసవినీ వానాకాలాన్నీ ఒకే సగటు కింద కలిపేస్తే ఏ విభాజనమైనా అతకనట్టే కనిపిస్తుంది. రిగ్రెషన్‌లో ఋతువును చేర్చి, బస్తీ జనాభా లాగరిథమ్‌ను ఆఫ్‌సెట్‌గా (గుణకాన్ని 1గా స్థిరపరచి చేర్చే పదంగా) పెట్టి, ఆ తరువాత మిగిలిన విస్తృతిని సగటుతో పోల్చండి. అప్పటికీ నిష్పత్తి 4 దగ్గరే ఉంటే పాయిజాన్ చూపే ప్రామాణిక దోషాలు (అంచనాలు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతలు) ఉండవలసిన దానిలో సగమే అని అర్థం.

రిజిస్టర్‌నూ ఒకసారి తిరగేయండి. గణేశ్ నిమజ్జనం వారంలో ఓపీకి వచ్చేవారు తగ్గి, తరువాతి వారంలో ఒక్కసారిగా పెరిగితే ఆ ఎగుడుదిగుడు దోమలది కాదు, నమోదుది. కుట్టిన తరువాత జ్వరం రావడానికే 4 నుంచి 10 రోజులు పడుతుంది. దానికి రిపోర్టు ఆలస్యం కూడా తోడవుతుంది కనుక, పరీక్ష తేదీని కాక జ్వరం మొదలైన తేదీని తీసుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సున్నాలు ఎక్కువ కనుక జీరో ఇన్‌ఫ్లేటెడ్ నమూనా (అదనపు సున్నాలను విడిగా లెక్కలోకి తీసుకునేది) వాడమని ఒక సీనియర్ గారు అంటున్నారు. అది అవసరమా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కేసు రావడానికే వీలు లేని వారాలు నిజంగా ఉన్నాయని, ఉదాహరణకు ఆ వారం పరీక్షలే జరగలేదని, మీరు చూపగలిగితేనే దానికి అర్థం ఉంటుంది. లేకపోతే ముందు నెగెటివ్ బైనామియల్ అతికించి, అది ఊహించే సున్నాల సంఖ్యను మీ రిజిస్టర్‌లోని సున్నాలతో పోల్చి చూడండి.